బెదురు కుక్కకు ఇల్లు వెతికేటప్పుడు: ఆరోగ్య ప్రశ్నోత్తరాలు

ప్రశ్న (జగదల్‌పూర్): షెల్టర్‌లో ఉన్న నాలుగేళ్ల ఆడకుక్క ఎవరు దగ్గరికి వచ్చినా గుర్రుమంటోంది. సరిగా తినదు, గదిలో గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. కొన్ని నెలలుగా ఇదే వరస. దత్తతకు వచ్చినవాళ్లు చూసి వెనక్కి పోతున్నారు. దానికి పిచ్చి పట్టిందా?

జవాబు: నెలల తరబడి ఇలాగే ఉన్న కుక్కకు ఉన్నది రేబిస్ కాదు. రేబిస్ లక్షణాలు బయటపడిన కుక్క సాధారణంగా పది రోజుల్లోపే చనిపోతుంది. నిన్నటిదాకా మామూలుగా ఉన్న కుక్క ఒక్కసారిగా మారిపోయి, చొంగ కారుస్తూ, దవడ వేలాడేసి, మింగలేక, కాళ్లు తడబడుతుంటే మాత్రం దాన్ని విడిగా ఉంచి వెంటనే పశువైద్యుణ్ని పిలవాలి.

ఈ ఉత్తరంలోని కుక్కకు ఉన్నది భయం. బస్తర్ పల్లెల్లో కుక్క ఆరుబయట పెరుగుతుంది. సంతకు వెళ్తుంది, ఇప్పపువ్వు ఏరేవాళ్ల వెంట అడవికి వెళ్తుంది, నచ్చని మనిషి ఎదురైతే పక్కకు తప్పుకుంటుంది. తప్పుకుపోవడమే దానికి తెలిసిన ఆత్మరక్షణ. షెల్టర్ గదిలో ఆ దారి మూసుకుపోతుంది. పక్క గదుల మొరుగుళ్లు, ఫినాయిల్ వాసన, కడిగిన గచ్చు మీద జారే కాళ్లు, కటకటాల ముందు నిలబడి కళ్లలోకి చూసే కొత్త ముఖాలు. పారిపోయే వీలు లేని జంతువుకు మిగిలేది గుర్రుమనడమే. అది హెచ్చరిక. కొట్టి మాన్పిస్తే భయం పోదు, హెచ్చరిక పోతుంది. అలాంటి కుక్క ఆపైన చప్పుడు చేయకుండా కరుస్తుంది.

ఒత్తిడి హార్మోను కార్టిసాల్‌ను రక్తంలో కొలవవచ్చు. అమెరికాలో ఒక షెల్టర్ కుక్కల మీద 1997లో వెలువడిన అధ్యయనంలో, చేరిన మొదటి మూడు రోజుల్లో కార్టిసాల్ ఇళ్లలో ఉండే కుక్కల కంటే దాదాపు మూడు రెట్లు కనిపించింది. 2019లో వచ్చిన మరో అధ్యయనం ఐదు షెల్టర్లలోని 207 కుక్కలను ఒకటి రెండు రాత్రులు మనుషుల ఇళ్లకు పంపి చూసింది. ఇంట్లో ఉన్నంతసేపు కార్టిసాల్ తగ్గింది, షెల్టర్‌కు తిరిగిరాగానే మళ్లీ పాత స్థాయికి చేరింది. అంటే గదిలో చూసిన కుక్కను బట్టి ఇంట్లో ఎలా ఉంటుందో తేల్చడం తొందరపాటు.

ఖర్చు లేకుండా చేయగలిగినవి చాలా ఉన్నాయి. తలుపు కింది సగానికి గోనెపట్టా కట్టాలి. దాక్కోవడానికి అట్టపెట్టెనో చెక్కపెట్టెనో, పడుకోవడానికి తడి తగలని ఎత్తు పలకనో ఇవ్వాలి. రోజూ ఒకే మనిషి ఒకే వేళకు వచ్చి, ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి కూర్చుని, కుక్క వైపు చూడకుండా తిండి ముక్కలు వేయాలి. చేయి చాపకూడదు, కుక్కే రావాలి. దత్తతకు వచ్చినవాళ్లను కటకటాల ముందుకు తీసుకెళ్లే బదులు, కుక్కనే ఆ తెలిసిన మనిషితో బయట చెట్ల కిందికి తెచ్చి, దూరం నుంచి చూపించాలి. వారానికి ఒక్క రాత్రయినా దాన్ని తమ ఇంట్లో ఉంచుకునేవాళ్లు దొరికితే, మందుకంటే అదే ముందు మొదలుపెట్టాల్సిన వైద్యం.

ప్రశ్న (కిరందుల్): తిండి గిన్నె దగ్గర చెయ్యి పెట్టి పరీక్షిస్తే కరవబోయింది. ఇంటికి పనికిరాదని రికార్డులో రాసేయవచ్చా?

జవాబు: రాయకూడదు. అమెరికాలో 97 షెల్టర్ కుక్కలకు ఇదే పరీక్ష పెట్టి, దత్తత వెళ్లాక యజమానులను వాకబు చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. పరీక్షలో గిన్నె కోసం కలబడ్డ 20 కుక్కల్లో ఇంటికెళ్లాక ఆ గుణం చూపినవి సుమారు సగమే. పరీక్షలో బుద్ధిగా ఉన్నవాటిలో మాత్రం ఐదింట ఒకటి ఇంట్లో గుర్రుమన్నాయి. షెల్టర్ పరీక్షలు నాణెం ఎగరేయడం కంటే మెరుగేమీ కాదని 2016లో ఇద్దరు పరిశోధకులు లెక్కలు వేసి వాదించారు. జరిగిందేమిటో తేదీతో సహా రాయాలి, తీర్పు రాయకూడదు. ఆకలి తెలిసిన కుక్క తిండిని కాపాడుకుంటుంది. దానికి విడిగా పెట్టి, తినే చోటికి పిల్లలను పోనివ్వకపోతే చాలు.

ప్రశ్న (దంతెవాడ): నడుము మీద చెయ్యి వేస్తే చాలు, కరవడానికి వస్తోంది. ఎలా శిక్షణ ఇవ్వాలి?

జవాబు: శిక్షణ తరవాత. ముందు పశువైద్యుడు చూడాలి. చెవిలో చీము, పంటి పోటు, నడుము నొప్పి, పాత దెబ్బ, పిడుదుల వల్ల వచ్చే జ్వరం, వీటిలో ఏదున్నా ముట్టుకుంటే కరుస్తుంది.

ప్రశ్న (బీజాపూర్): షెల్టర్ నుంచి తెచ్చిన కుక్క రాత్రంతా మొరుగుతోంది, టపాసులు పేలితే గోడలు గీకుతోంది. ఇంట్లో పెద్దావిడకు రాసిన నిద్రమాత్ర సగం పెట్టినా తగ్గలేదు. పక్కింటాయన చెంచాడు ఇప్పసారా పోయమన్నారు. ఏది ఎంత ఇవ్వాలి?

జవాబు: రెండూ ఇవ్వకూడదు. బస్తర్ నుంచి వచ్చే ఉత్తరాల్లో ఇలాంటివి ఎక్కువవుతున్నాయి కాబట్టి ఈ సంగతి వివరంగా చెప్పక తప్పదు.

సారా కుక్కకు విషం. మనిషి తూగే మోతాదు కంటే చాలా తక్కువే దానికి చాలు. ఒంటి వేడి పడిపోతుంది, రక్తంలో చక్కెర తగ్గుతుంది, ఊపిరి మందగిస్తుంది. పడుకుంది కదా, నిద్రపోయిందనుకున్న కుక్క స్పృహ తప్పి ఉండవచ్చు. సల్ఫీ కల్లు సంగతీ అంతే.

నిద్రమాత్రలది ఇంకో ప్రమాదం. మనుషుల ఆందోళనకు వాడే ఆల్ప్రజోలం వంటివి కొన్ని కుక్కల్లో మత్తుకు బదులు రెచ్చిపోవడం తెస్తాయి. భయం కుక్కను వెనక్కి లాగుతుంది, చాలాసార్లు అది కరవకుండా ఆపేది కూడా ఆ భయమే. మాత్ర ఆ అడ్డు తీసేస్తే అంతవరకూ గుర్రుమని ఊరుకున్న కుక్క పిల్లవాడి చెయ్యి పట్టుకోవచ్చు. పశువైద్యంలో ఎన్నాళ్లుగానో వాడే ఏసిప్రోమజైన్ కూడా ఒంటిని కదలకుండా చేస్తుంది కానీ భయాన్ని తీయదు. చూసేవాళ్లకు కుక్క కుదుటపడినట్టుంటుంది, లోపల అది వణుకుతూనే ఉంటుంది.

నొప్పి మాత్రలు అన్నిటికంటే తేలిగ్గా దొరుకుతాయి కాబట్టి అన్నిటికంటే ఎక్కువ హాని చేస్తున్నాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేసి రక్తం కక్కిస్తాయి, మూత్రపిండాలను పాడుచేస్తాయి. పారాసిటమాల్ ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది, రక్తం ఆక్సిజన్‌ను మోయలేకపోతుంది. పిల్లికైతే ఒక్క మాత్రే ప్రాణం తీయవచ్చు. పిడుదులకూ గజ్జికీ పశువుల ఐవర్‌మెక్టిన్ సూది తెచ్చి కుక్కకు పొడవడం ఇంకో చెడ్డ అలవాటు. ఎద్దు బరువుకు తగినట్టు తయారైన మందు అది. కుక్కకు అంచనాగా లాగితే మోతాదు ఎన్నో రెట్లు పెరుగుతుంది. కోలీ వంటి కొన్ని జాతుల్లో మామూలు మోతాదే మెదడుకు చేరి చంపగలదు.

కుక్కల ఆందోళనకు మందులు లేవని కాదు. ఒంటరిగా వదిలితే బెంగపడే కుక్కలకు క్లొమిప్రమైన్‌ను 1998లో, ఫ్లూఆక్సెటిన్‌ను 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది. అవి పనిచేయడానికి వారాలు పడుతుంది, వాటితోపాటు శిక్షణ కూడా జరగాలి, ఉన్నట్టుండి మానకూడదు. బరువు చూసి, కాలేయం పరీక్షించి రాయాల్సిన మందులవి. ఫార్మసీ కౌంటర్ దగ్గర అడిగి తెచ్చుకునేవి కావు. ఇప్పటికే ఏదైనా పెట్టి ఉంటే ఆ మాత్రల స్ట్రిప్‌తో సహా కుక్కను పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. ఉప్పునీళ్లు పోసి కక్కించకూడదు, ఆ ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ ఉత్తరం రాసిన ఇంట్లో ఎవరికీ కంటినిండా నిద్ర లేదు. పక్కవాళ్ల ముందు తలెత్తుకోలేని స్థితి కూడా కనిపిస్తోంది. ఆ కష్టం చిన్నదేమీ కాదు. చీకటి పడకముందే కుక్కను బాగా తిప్పి, తిండి పెట్టి, లోపలి గదిలో కిటికీ మూసి, ఫ్యానో రేడియోనో మోగించి, మనిషి పక్కనే పడుకోవాలి. కొత్త చోట మొదటి రాత్రుల్లో మొరగడానికి సగం కారణం ఒంటరితనమే. దగ్గరికి తీసుకుంటే భయం ముదురుతుందన్నది అపోహ. భయపడే కుక్కను నిమరవచ్చు.

ప్రశ్న (సుక్మా): కుక్కను వెల్లకిలా పడేసి అదిమి పట్టి, ఇంట్లో మనిషే నాయకుడని తెలియజేయాలని ఒక వీడియోలో చెప్పారు. చేయవచ్చా?

జవాబు: చేయకూడదు. ఈ మాటకు మూలం రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు తోడేళ్ల మీద 1947లో ప్రచురించిన పరిశీలన. అవి జూలో బంధించి ఉంచిన తోడేళ్లు. 1970లో తన పుస్తకంతో గుంపు నాయకుడనే ఆ భావనకు ప్రచారం తెచ్చిన శాస్త్రవేత్త డేవిడ్ మెక్, అడవిలోని గుంపు అంటే తల్లి, తండ్రి, పిల్లల కుటుంబమేనని 1999లో స్వయంగా సరిదిద్దాడు. బోనులో అల్లాడుతున్న తోడేళ్లను చూసి కట్టిన సిద్ధాంతాన్ని, బోను నుంచి బయటపడ్డ కుక్క మీద ప్రయోగించడం దారుణం. వెల్లకిలా పడ్డ కుక్క ముఖం మనిషి ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది. కాటు పడేది అక్కడే.

ప్రశ్న (భోపాలపట్నం): షెల్టర్‌లో ఒకసారి పనివాడిని కరిచింది. ఆ మాట చెబితే ఎవరూ తీసుకోరు. చెప్పకుండా ఇచ్చేయవచ్చా?

జవాబు: ఈ కోరిక కుక్క మీది ప్రేమతోనే పుట్టింది, అయినా తప్పు. దాచి ఇచ్చిన కుక్క రెండో కాటుతో తిరిగొస్తుంది, ఆ తరవాత దానికి ఏ ఇల్లూ దొరకదు. ఎవరిని, ఎప్పుడు, ఏం చేస్తుంటే కరిచింది, చర్మం తెగిందా, అంతకుముందు గుర్రుమందా అన్నవి రాసి ఇవ్వాలి. మూలకు నెట్టి గొలుసు వేయబోతే కరిచిన కుక్కకూ, దారిన పోయే పిల్లవాడిని తరిమి కరిచిన కుక్కకూ చాలా తేడా ఉంది. మొదటిదానికి ఇల్లు వెతకవచ్చు. రెండోది పదేపదే జరిగితే, ఇల్లు వెతికే ముందు పశువైద్యుడి నిర్ణయం కావాలి.

బెదురు కుక్కకు పెద్ద ఇల్లు అక్కర్లేదు, నెమ్మదైన ఇల్లు కావాలి. నడక నేర్చుకుంటున్న పిల్లలు లేనిది, గోడో కంచో ఉన్న పెరడు గలది, రోజంతా ఎవరో ఒకరు ఉండేది. జగదల్‌పూర్ నడిబొడ్డున, 75 రోజుల దసరాలో డప్పులు, జనం, రథం తిరిగే వీధి మీది ఇల్లు దీనికి సరిపడదు. కొంట, భోపాలపట్నం వైపు తెలుగు ఇళ్లకు వచ్చే కుక్క అంతవరకూ హల్బీ, గోండీ, హిందీ పిలుపులే విని ఉండవచ్చు. ‘రా’ అంటే కదలకపోతే అది మొండితనం కాదు. షెల్టర్‌లో ఏ మాటతో పిలిచేవారో కనుక్కుని, కొన్నాళ్లు అదే వాడాలి.

మొదటి మూడు రోజులు బెదురు తీరడానికి, మూడు వారాలు ఇంటి పద్ధతి తెలియడానికి, మూడు నెలలు నమ్మకం కుదరడానికి అని ఒక వాడుక లెక్క ఉంది. మోటు లెక్కే అయినా ఓపికకు పనికొస్తుంది. ఆ మొదటి రోజుల్లో చుట్టాలను పిలవడం, స్నానం చేయించడం, ఊరంతా తిప్పడం వద్దు.

ప్రశ్న (గీదం): దత్తత తెచ్చిన కుక్క చేతిని కరిచి రక్తం వచ్చింది. దానికి టీకా వేయించామని షెల్టర్‌వాళ్లు అన్నారు. సూదులు అవసరమా?

జవాబు: అవసరం, ఈ రోజే. కారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం పెట్టకూడదు. ప్రభుత్వ ఆసుపత్రిలో టీకా ఉచితం. చర్మం తెగి రక్తం వచ్చిన కాటుకు టీకాతోపాటు గాయంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి. కుక్క పది రోజులూ ఆరోగ్యంగా ఉంటే మిగిలిన సూదుల సంగతి వైద్యుడు చెబుతాడు. షెల్టర్‌లో పనిచేసేవాళ్లు కాటు పడకముందే మూడు డోసులు వేయించుకుని ఉండాలి.

ప్రశ్న (కొండగావ్): రెండు వారాలైనా కుక్క మంచం కింద నుంచి రాదు. ఇంట్లో గొడవలవుతున్నాయి. సంత దగ్గర వదిలేస్తే తనదారి తను చూసుకుంటుందని బంధువులు అంటున్నారు. అది పాపమా?

జవాబు: పాపం సంగతి పక్కన పెడితే, నేరం. ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును వదిలేయడం 1960 నాటి జంతు క్రూరత్వ నిరోధక చట్టం కింద శిక్షార్హం. దత్తత తీసుకున్న వీధికుక్క మళ్లీ వీధికి చేరకుండా చూసే బాధ్యత తీసుకున్నవారిదేనని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న స్పష్టం చేసింది. పైగా ఆ సంతలో అప్పటికే ఉన్న కుక్కలు కొత్తదాన్ని బతకనివ్వవు.

మంచం కింద రెండు వారాలు ఎక్కువేమీ కాదు. నీళ్లూ తిండీ అక్కడికే జరిపి, మనుషులంతా పడుకున్నాక అది బయటికి వచ్చి తిరుగుతోందేమో గమనించాలి. తిరుగుతుంటే అది కోలుకుంటున్నట్టే. అయినా ఆ ఇంటికి శక్తి చాలకపోతే షెల్టర్‌కు తిరిగి ఇచ్చేయవచ్చు. అందులో సిగ్గుపడాల్సింది లేదు. ఇంట్లో ఎలా ఉందో రాసి ఇస్తే తరవాతి ఇంటికి పనికొస్తుంది.

ప్రశ్న (జగదల్‌పూర్): విశాఖపట్నంలో ఒక కుటుంబం తీసుకుంటామంటోంది. రైల్లో పంపవచ్చా?

జవాబు: రైల్వే ఒప్పుకుంటుంది, కానీ బెదురు కుక్కకు బ్రేక్ వ్యాన్ పెట్టె తగదు. కిరందుల్–కొత్తవలస లైన్‌లో సొరంగాలు ఎక్కువ, ఆ చప్పుడులో గంటల తరబడి ఒంటరిగా ఉండాలి. ఫస్ట్ క్లాస్ కూపే మొత్తం తీసుకుంటే వెంట ఉంచుకోవచ్చు. లేదంటే రోడ్డు మీద దాదాపు 300 కిలోమీటర్లు, ఎండ ఎక్కకముందే కారులో బయల్దేరడం మంచిది. ఆ కుటుంబానికి ముందుముందు సలహా కావాలంటే విశాఖలో 1996 నుంచి వీఎస్‌పీసీఏ, హైదరాబాద్‌లో 1992లో అక్కినేని అమల స్థాపించిన బ్లూ క్రాస్ అనే జంతు సంరక్షణ సంస్థలు ఉన్నాయి. రేబిస్ టీకా పత్రం, పశువైద్యుడి ధ్రువపత్రం, అది పడుకున్న పాత దుప్పటి వెంట ఉండాలి. దుప్పటి ఉతకకూడదు. మత్తుమందు వద్దు. కొత్త ఇంటి గేటు మూసేదాకా గొలుసు విప్పకూడదు.