అమ్మే ఇంటికి ముందు ఏ పని?

ప్రశ్న: సౌదీలోని రాబిగ్‌లో రిఫైనరీ ఉద్యోగం చేస్తున్నాను. కాకినాడలో మా పాత డాబా ఇల్లు అమ్మాలనుకుంటున్నాం. సెలవులో వచ్చి రంగులు వేయిస్తే మంచి ధర పలుకుతుందా?
– ఒక పాఠకుడు, రాబిగ్

జవాబు: రంగు చివరి పనండీ. ఎర్రసముద్రం ఒడ్డున ఉప్పుగాలి ఇనుమును ఎలా తినేస్తుందో మీరు రోజూ చూస్తూనే ఉంటారు. కాకినాడలోనూ అదే బెడద, పైగా వానలు. ముందు శ్లాబు అడుగున, సన్‌షేడ్ల కింద పెచ్చులూడిన చోట్లు చూడండి. లోపలి ఊచలు తుప్పుపట్టి ఉబ్బితే కాంక్రీటు పగులుతుంది. తుప్పు గీకించి, ఊచలకు రక్షణ పూత వేయించాకే ప్లాస్టరింగ్ చేయించండి. గోడలను మంచినీళ్లతో కడిగించి, బాగా ఆరాక ప్రైమర్, ఆపై బయటి గోడల ఎమల్షన్ రెండు కోట్లు వేయించండి. గేటుకు, గ్రిల్స్‌కు తుప్పు తీయించి రెడ్ ఆక్సైడ్, ఎనామిల్ వేయిస్తే వాకిలికి కళ వస్తుంది. వానలు పూర్తిగా తగ్గాక, జనవరి తర్వాత సెలవు పెట్టుకోండి. చెమ్మను రంగుతో కప్పి అమ్మడం కొనేవారికి అన్యాయం. బేరంలో మీ మాటకూ విలువ పోతుంది.

రిజిస్ట్రేషన్‌కు మీరు రాలేకపోతే జెడ్డాలోని భారత కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీని ధ్రువీకరణ చేయించి పంపండి. అది ఇండియా చేరిన 3 నెలల్లోపు స్టాంపు వేయించాలి. ఆ గడువు మాత్రం దాటనివ్వకండి.