రథపు మోకులు – ఫలిత బలము

ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవములలో దిగువ అహోబిలమున రథమును పలువురు మోకులు పట్టి లాగుదురు. మోకులన్నియు ఒకే దిక్కున నుండవు. వాని ఉమ్మడి లాగుడు ఎటు పోవునో ముందే లెక్కింపవచ్చును.

వీధి ఉత్తరముగా సాగుచున్నదనుకొందము. ఉత్తరము నుండి తూర్పుగా చుట్టి కొలుచు కోణము దిగంశము. నడిమి మోకు దిగంశము 0 డిగ్రీలు, బలము 100 కిలోలు. కుడి మోకు 30 డిగ్రీలు, 300 కిలోలు. ఎడమ మోకు 330 డిగ్రీలు, 200 కిలోలు అనుకొందము.

ప్రక్క మోకులు రెండును వీధికి 30 డిగ్రీల ఏటవాలున నున్నవి. వాని బలమును 0.866చే గుణించిన ఉత్తరాంశమును, 0.5చే గుణించిన అడ్డపు అంశమును వచ్చును. ఉత్తరాంశములు 100, 260, 173, మొత్తము 533. తూర్పునకు 150, పడమరకు 100. మిగులు తూర్పునకు 50. ఈ 533, 50ల వర్గములను కూడి వర్గమూలము తీసిన ఫలిత బలము సుమారు 535 కిలోలు; దాని దిగంశము సుమారు 5 డిగ్రీలు. అనగా 100 అడుగులకు 9 అడుగుల చొప్పున లాగుడు తూర్పునకు ఒరగును. ఇరుకు వీధిలో ప్రక్కనున్న జనమునకు ఇది అపాయము.

కుడి మోకు నుండి 50 కిలోల లాగుడుకు తగిన మనుష్యులను ఎడమకు మార్చినచో ఇరువైపుల 250 అగును. అడ్డపు లాగుడు సున్న; ముందుకు లాగు 533 తగ్గదు. కావున పంచాయతీ సభ్యులు దేవస్థానము వారితో కలిసి, రథము కదలక మునుపే మోకుల కోణములను, జనమును సరిచూడవలెను.