సేవకూ చదువు కావాలా?

బి.యస్సీ. అయ్యాక సోషల్ వర్క్ చదువుతానంటే, ‘‘సాయం చెయ్యడానికి చదువెందుకురా?’’ అన్నాడు మా నాన్న. కాకుమాను రైతు అడగదగ్గ ప్రశ్నే.

మన దేశంలో ఈ చదువు 1936లో బొంబాయిలో, సర్ దొరాబ్జీ టాటా పేర వెలసిన విద్యాలయంతో మొదలైంది. పాఠాలతోపాటు జనంలో తిరిగి పనిచెయ్యడం ఇందులో తప్పనిసరి. మన కాలేజీల్లో దీనికి తొలిమెట్టు 1969లో ప్రారంభమైన జాతీయ సేవా పథకం: రెండేళ్ళలో 240 గంటల సేవ, ఏడు రోజుల శిబిరం.

ఆ శిబిరంలోనే, కూలికి వెళ్ళే ఒకావిడకు వితంతు పింఛను దరఖాస్తు రాశాను. ఆధార్‌లో పేరు చూడకుండా ఊళ్ళో పిలిచే పేరు రాసేశాను. దరఖాస్తు తిరిగొచ్చింది. ఆమెకు రెండు రోజుల కూలి పోయింది. నాకు జాలి ఉంది గాని పద్ధతి తెలీదు. ముందు వినాలి, కాగితాలు సరిచూడాలి, తన పని తనే అడిగి చేయించుకునేలా చెయ్యాలి. ఆ చదువు నేర్పేది ఇదే.

ఈ సంగతి చెబితే నాన్న కాసేపాగి, ‘‘ఎరువైనా అదను తెలిసే వెయ్యాలిలే. వెళ్ళి చదువుకో’’ అన్నాడు.