యోసేపు తండ్రి యాకోబా, హేలీనా?

ప్రశ్న: యోసేపు తండ్రి మత్తయి సువార్తలో యాకోబు, లూకాలో హేలీ. తోటి ఉద్యోగి అడిగితే జవాబు చెప్పలేకపోయాను. ఎలా అర్థం చేసుకోవాలండీ?
– ఒక పాఠకురాలు, కోల్‌కతా

జవాబు: ఇది చాలా పాత సందేహమమ్మా. మూడో శతాబ్దంలోనే క్రైస్తవ రచయిత జూలియస్ ఆఫ్రికానస్ దీనికి సమాధానం రాశాడు. ఆయన చెప్పిన ప్రకారం యాకోబు, హేలీ ఒకే తల్లి బిడ్డలు, తండ్రులు వేరు. హేలీ పిల్లలు లేకుండా చనిపోతే, ద్వితీయోపదేశకాండం 25లోని ధర్మం ప్రకారం యాకోబు అతని భార్యను పెళ్లాడాడు. అలా పుట్టిన యోసేపు రక్తసంబంధంగా యాకోబు కొడుకు, ధర్మశాస్త్రం లెక్కలో హేలీ కొడుకు. లూకాది మరియ వంశావళి అని చాలామంది బోధకులు చెబుతారు. కానీ లూకా రాసింది యోసేపు పేరే కాబట్టి నాకు మొదటిదే సబబనిపిస్తుంది.

మత్తయి కొన్ని తరాలు వదిలేశాడు కూడా. 1 దినవృత్తాంతాలు 3తో పోల్చి చూడండి: యెహోరాముకూ ఉజ్జియాకూ మధ్య అహజ్యా, యోవాషు, అమజ్యా మత్తయిలో కనబడరు. పద్నాలుగేసి తరాల అమరికతో ఆయన చూపదలచింది దావీదు సింహాసనపు హక్కును.

వంశావళి తర్వాత మత్తయి యెషయా ప్రవచనాన్ని యేసు పుట్టుకకు అన్వయిస్తాడు. అలాంటి ప్రవచనాల మీద చర్చ మీ ఊరికి కొత్త కాదు. 1820 తర్వాత రామమోహన రాయ్, శ్రీరాంపూర్ మిషనరీ జాషువా మార్ష్‌మన్ దీనిపై పుస్తకాలతోనే వాదించుకున్నారు. యెషయా 7లో కన్యక కుమారుని కంటుందన్న గుర్తు ముందు ఆహాజు రాజు కాలానికి, తర్వాత సంపూర్ణంగా క్రీస్తుకు వర్తిస్తుందని నేటి క్రైస్తవ పండితుల్లో చాలామంది అంటారు. అది క్రీస్తుకు వర్తిస్తుందంటే యూదులు ఒప్పుకోరు; ఆ మాట కూడా మీ తోటి ఉద్యోగికి చెప్పండి.