ముందు షాకబ్జర్ నుంచి ఆయిల్ కారుతోందా? ఇంట్లోనే సీల్ మార్చుకునే చిట్కాలు

వానాకాలం వెళ్లేసరికి చాలా ఇళ్లలో బైకు ముందు షాకబ్జర్ పైపు మీద నల్లటి జిడ్డు పేరుకుపోయి కనిపిస్తుంది. గుడ్డతో తుడిచేసి ఊరుకుంటాం. కానీ అది బయట అంటిన మురికి కాదు, లోపలి నుంచి బయటికొస్తున్న ఆయిల్. షాకబ్జర్‌లో బరువు మోసేది స్ప్రింగయితే, గతుకులో పడ్డాక ఆ స్ప్రింగు పదేపదే ఎగిరిపడకుండా అణిచేది ఆయిలే. సన్నటి రంధ్రాల గుండా ఆయిల్ తోసుకుంటూ వెళ్లాలి కాబట్టే కుదుపు అక్కడికక్కడే చల్లారుతుంది. 1935లో బీఎండబ్ల్యూ ఆర్12 మోటార్‌సైకిల్‌తో అమ్మకానికి వచ్చిన ఈ ఏర్పాటే ఇవాళ మనం నడిపే 100, 125, 150 సీసీ బండ్లలో చాలావాటికి ఆధారం.

ఆయిల్ తగ్గిన బండి, బ్రేకు వేయగానే ముందుకు వాలిపోతుంది. గతుకుల్లో చక్రం రోడ్డును వదిలి ఎగురుతుంది. ఇది ప్రాణాల మీదికి వచ్చే సంగతి. ఆయిల్‌ను లోపలే ఆపే రబ్బరు సీల్ చవకైనదే, ఓపికుంటే ఇంట్లోనే మార్చుకోవచ్చు. అయితే పాతది ఎందుకు పాడైందో కనుక్కోకుండా కొత్తది వేస్తే అదీ కారుతుంది. కారణం పట్టుకోవడమే సగం పని. పైన పైపు, కింద లావు గొట్టం ఉండే మామూలు ఫోర్కులకే, అంటే ముందు షాకబ్జర్లకే, ఈ చిట్కాలు వర్తిస్తాయి.

1. జిడ్డుకూ కారడానికీ తేడా చూడండి.
పైపు మీద పల్చటి ఆయిల్ పొర ఉంటే కంగారు పడక్కర్లేదు, సీల్ ఎండిపోకుండా ఆ తడి ఉండాలి. పైపును తెల్లటి పాత గుడ్డతో శుభ్రంగా తుడవండి. ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్‌ను గట్టిగా పదిసార్లు కిందికి నొక్కండి. పైపు చుట్టూ తడి గీత ఏర్పడి బొట్టు కిందికి జారితే సీల్ కారుతున్నట్టే.

2. ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోండి.
గొట్టం పై అంచు దగ్గర తడి ఉంటే సీల్ లోపం. షాకబ్జర్ అడుగున బొట్టు కడుతుంటే అక్కడి అలెన్ బోల్టు కింది రాగి వాషర్ పాడై ఉంటుంది. డిస్క్ బ్రేకు కాలిపర్ దగ్గరో, దాని హోస్ దగ్గరో తడి కనిపిస్తే అది బ్రేకు ఆయిల్ కావచ్చు. అప్పుడు బండి తీయకుండా ముందు బ్రేకు చూపించండి.

3. ఆయిల్ డిస్క్ మీద పడితే ప్యాడ్లు మార్చాల్సిందే.
ప్యాడ్లు ఆయిల్ పీల్చుకుంటే ఎంత తుడిచినా, ఎంత రుద్దినా పట్టు సరిగా తిరిగిరాదు. వాటిని పారేసి కొత్తవి వేయండి. డిస్క్‌ను బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. పెట్రోలు, కిరోసిన్ కలిపిన గుడ్డతో తుడవకండి, వాటి జిడ్డు మిగిలిపోతుంది.

4. విప్పే ముందు ఎక్స్‌రే ఫిల్ము ముక్కతో ప్రయత్నించండి.
చాలాసార్లు సీల్ బాగానే ఉంటుంది, దాని పెదవి కింద ఇసుక రేణువు ఇరుక్కుని దారి ఇస్తుంది. ఇంట్లో పాత ఎక్స్‌రే ఫిల్ము ఉంటే రెండు వేళ్ల వెడల్పున పట్టీ కత్తిరించండి. ఒక అంచున చిన్న కొక్కెంలా గాటు పెట్టండి. పైనున్న డస్ట్ కవర్‌ను మెల్లగా పైకి జరిపి, పైపుకూ సీల్‌కూ మధ్య ఫిల్మును దూర్చి, చుట్టూ తిప్పి బయటికి లాగండి. మురికి కొక్కేనికి తగులుకుని వస్తుంది. తుడిచి మళ్లీ మళ్లీ చేయండి. రెండు మూడు రోజులు బండి నడిపాక కూడా పైపు పొడిగా ఉంటే పని అయిపోయినట్టే.

5. పైపు మీద గోరు పెట్టి చూడండి.
సీల్‌ను చంపేది ఎక్కువగా పైపు మీది తుప్పు చుక్కలే. క్రోమ్ పూత లేచిన చోట పుట్టిన చిన్న గుంట, బండి కుదిపినప్పుడల్లా సీల్ పెదవిని కోస్తూ ఉంటుంది. సీల్ పైకీ కిందికీ తిరిగే మేర అంతా గోటితో తడమండి. గోరు ఎక్కడ తగులుకుంటే అక్కడ పెన్నుతో గుర్తు పెట్టుకోండి.

6. తుప్పు ఎంతుందో చూసి నిర్ణయం తీసుకోండి.
పైకి పొడుచుకొచ్చిన చుక్కలైతే 1500 లేదా 2000 నంబరు వాటర్ పేపర్‌ను ఆయిల్‌లో ముంచి, పైపు చుట్టూ అడ్డంగా రుద్దండి. నిలువుగా రుద్దితే ఆ గీతల వెంబడే ఆయిల్ బయటికి పాకుతుంది. గుంటలు లోతుగా ఉంటే, లేదా క్రోమ్ పొలుసులుగా లేస్తుంటే రుద్దడం వృథా. కొత్త పైపు కొనండి, లేదా పాతదానికి హార్డ్ క్రోమ్ చేయించండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఇలాంటి పని ఎవరు చేస్తారో లేత్ షాపులవాళ్లు చెబుతారు.

7. సామాను ముందే తెచ్చుకోండి.
రెండు ఆయిల్ సీల్స్, రెండు డస్ట్ కవర్లు, అడుగు బోల్టులకు కొత్త రాగి వాషర్లు, మీ బండి పుస్తకంలో రాసిన ఫోర్క్ ఆయిల్ కావాలి. ఒకవైపే కారుతున్నా రెండువైపులా మార్చండి, రెండో సీల్ వయసూ అంతే. పాత సీల్ మీద 31-43-10.3 లాంటి అంకెలుంటాయి. అవి వరసగా లోపలి వెడల్పు, బయటి వెడల్పు, మందం, అన్నీ మిల్లీమీటర్లలో. షాపులో ఆ అంకెలు చెబితే పొరపాటు ఉండదు.

8. బండిని కదలకుండా నిలబెట్టండి.
సమంగా ఉన్న నేల మీద మెయిన్ స్టాండ్ వేసి, ఇంజను కింద గట్టి చెక్క దిమ్మె పెట్టి ముందు చక్రం నేలను వదిలేలా లేపండి. సైలెన్సర్ గొట్టం మీద బరువు పడనివ్వకండి. ఇటుకల మీద నిలపకండి, అవి పగిలిపోతాయి. తోడుగా ఒకరు ఉంటే మంచిది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

9. పై మూతను షాకబ్జర్ బండికి ఉండగానే వదులు చేయండి.
ఫోర్కును బయటికి తీశాక ఆ మూత విప్పబోతే పైపు చేతిలో తిరిగిపోతుంది. పై బ్రాకెట్ బోల్టు కాస్త వదిలి, మూతను పానాతో అర చుట్టు మాత్రం తిప్పి ఆపండి. పైపు బ్రాకెట్ పైకి ఎంత పొడుచుకుని ఉందో స్కేలుతో కొలిచి రాసుకోండి. మళ్లీ బిగించేటప్పుడు రెండువైపులా అదే కొలత రావాలి.

10. కాలిపర్‌ను హోస్ మీద వేలాడదీయకండి.
తీగతో హ్యాండిల్‌కు కట్టండి. ప్యాడ్ల మధ్య చిన్న చెక్క ముక్క దూర్చండి. పొరపాటున ఎవరైనా బ్రేకు లివర్ నొక్కినా పిస్టన్ బయటికి రాదు. స్పీడోమీటర్ కేబుల్ విప్పి, చక్రం తీసి, మడ్‌గార్డ్ తొలగించి, బ్రాకెట్ బోల్టులు వదిలితే ఫోర్కును మెల్లగా తిప్పుతూ కిందికి లాగవచ్చు.

11. మూత పూర్తిగా విప్పేటప్పుడు ముఖం పక్కకు పెట్టండి.
మూత తీసే ముందు 12వ చిట్కా చదవండి. మూత కింద స్ప్రింగు నొక్కి ఉంటుంది. అరచేత్తో మూతను కిందికి అదుముతూ చివరి మరలు తిప్పండి. కళ్లద్దాలు పెట్టుకోండి. స్ప్రింగు ఏ వైపు పైకి ఉందో, దగ్గర చుట్లు ఎటున్నాయో ఫొటో తీసుకోండి.

12. అడుగు బోల్టును స్ప్రింగు లోపల ఉండగానే కదపండి.
షాకబ్జర్ అడుగున అలెన్ బోల్టు లోపలి రాడ్‌ను పట్టి ఉంచుతుంది. స్ప్రింగు తీసేశాక తిప్పితే బోల్టుతోపాటు రాడ్ కూడా తిరుగుతూ ఉంటుంది. అందుకే మూత తీయకముందే ఈ బోల్టును వదులు చేయడం తెలివైన పని. అప్పటికే స్ప్రింగు తీసేసి ఉంటే, చీపురు కర్ర చివర చెక్కి పై నుంచి రాడ్ నెత్తిన దూర్చి గట్టిగా అదిమి పట్టండి.

13. పాత ఆయిల్‌ను జాగ్రత్తగా చూడండి.
డబ్బాలోకి వంచి, పైపును పైకీ కిందికీ ఆడిస్తూ మొత్తం కార్చండి. పాలలా తెల్లగా ఉంటే నీళ్లు చేరాయి, డస్ట్ కవర్ పాడైందని అర్థం. వెండి రజనులా మెరుస్తుంటే లోపల లోహం అరుగుతోంది. పైపు గొట్టంలో పక్కలకు ఊగుతుంటే కొత్త సీల్ నిలవదు. అప్పుడు మెకానిక్‌కు చూపించాల్సిందే.

14. పైపు వంకర ఉందేమో పరీక్షించండి.
వంటగది గ్రానైటు గట్టు మీద పైపును దొర్లించండి. నడుమ సందు కనిపించి మాయమవుతుంటే వంకర ఉంది. ఎప్పుడో బండి పడిపోయినప్పుడు వంగి ఉంటుంది. అలాంటి పైపుకు ఎన్ని సీల్స్ వేసినా ఒకే పక్క అరిగి కారతాయి. వంకర తీయించడమో, పైపు మార్చడమో చేశాకే ముందుకు వెళ్లండి.

15. పాత సీల్ తీసేటప్పుడు గొట్టానికి గీత పడనివ్వకండి.
ముందు తీగలాంటి సర్‌క్లిప్‌ను సన్న స్క్రూడ్రైవర్‌తో తీయండి. గొట్టం అంచు మీద మడిచిన గుడ్డ వేసి, దాని ఆసరాతో సీల్‌ను కొంచెం కొంచెంగా చుట్టూ లేపండి. గొట్టం అల్యూమినియంది, మెత్తన. లోపలి గోడకు గీత పడితే కొత్త సీల్ బయటి అంచు నుంచే ఆయిల్ వస్తుంది. తర్వాత లోపలంతా కిరోసిన్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వండి.

16. కొత్త సీల్‌ను పొడిగా ఎక్కించకండి.
పైపు చివర ప్లాస్టిక్ కవరు తొడిగి, దాని మీద ఫోర్క్ ఆయిల్ రాసి సీల్‌ను జార్చండి. పైపు అంచు పదునుకు పెదవి తెగకుండా ఆ కవరు కాపాడుతుంది. సీల్‌లోని సన్న స్ప్రింగు ఉన్న వైపు కిందికి, అంకెలున్న వైపు పైకి ఉండాలి. పైపు చుట్టూ పట్టి, గొట్టం నోట్లో ఇమిడే పీవీసీ గొట్టం ముక్క ఒకటి తెచ్చుకోండి. పాత సీల్‌ను ఒకచోట కోసి మధ్యలో పెట్టి, పీవీసీ ముక్కతో సమంగా తట్టుతూ దించండి. సర్‌క్లిప్ గాడి పూర్తిగా కనబడితే సీల్ అడుగంటినట్టు.

17. ఆయిల్‌ను కళ్లతో కాకుండా కొలతతో పోయండి.
చాలా బండ్లకు 10డబ్ల్యూ ఆయిల్ సరిపోతుంది, అయినా మీ బండి పుస్తకమే ప్రమాణం. ఎన్ని మిల్లీలీటర్లో చూసి సిరంజితోగానీ మందుల కొలత గ్లాసుతోగానీ పోయండి. పైపును పదిసార్లు ఆడించి గాలి బుడగలు పోనివ్వండి. తర్వాత స్ప్రింగు లేకుండా పైపును పూర్తిగా కిందికి నొక్కి, పై అంచు నుంచి ఆయిల్ ఎంత లోతున ఉందో స్కేలుతో చూడండి. రెండింటిలోనూ ఒకేలా ఉండాలి. గట్టిగా ఉంటుందని ఎక్కువ పోస్తే పైన గాలికి చోటు తగ్గి, పెద్ద గతుకులో ఒత్తిడి పెరిగి కొత్త సీల్‌ను తోసేస్తుంది. ఇంజన్ ఆయిల్, పాత ఆయిల్ ఎట్టి పరిస్థితుల్లోనూ పోయకండి.

18. బిగించే వరస తప్పకండి.
ముందు బ్రాకెట్ బోల్టులు, తర్వాత ఇరుసు నట్టు. బండిని నేల మీదికి దించి, ముందు బ్రేకు పట్టుకుని నాలుగైదుసార్లు నొక్కండి. రెండు ఫోర్కులూ ఒకదానికొకటి సమంగా కుదురుకున్నాక, ఇరుసును పట్టే చిన్న బోల్టు ఉంటే దాన్ని చివరగా బిగించండి. ఫోర్కులు ఒత్తుకుని ఉంటే పైపు సీల్‌కు పక్కగా రుద్దుతుంది. బోల్టులను పుస్తకంలో చెప్పిన బిగువుకు మించి తిప్పకండి. బండి కదిలించే ముందు బ్రేకు లివర్ గట్టిపడేదాకా నొక్కండి.

19. వెనక షాకబ్జర్లను ఇంట్లో విప్పకండి.
వాటిలో చాలావరకు మూసివేసి తయారుచేసినవి, కొన్నింటిలో నైట్రోజన్ గ్యాసు ఒత్తిడితో ఉంటుంది. రంధ్రం చేయడం, వేడి చేయడం, కోయడం ప్రమాదం. కారు స్ట్రట్లూ, చవకగా దొరికే కాయిలోవర్లూ (స్ప్రింగు, షాకబ్జర్ కలిపి చేసినవి) అంతే. నొక్కి ఉన్న స్ప్రింగును తగిన స్ప్రింగు కంప్రెసర్ లేకుండా విప్పితే అది తూటాలా దూసుకొస్తుంది. కారుతుంటే జతగా మార్చండి, బాగుచేసే సదుపాయం ఉన్న రకమైతే ఆ పని తెలిసిన వర్క్‌షాపుకే ఇవ్వండి.

20. పాత ఆయిల్‌ను కాలువలో పోయకండి.
వాడేసిన ఆయిల్ మన దేశంలో 2016 నాటి నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. సీసాలో పోసి మూత పెట్టి, వాడిన ఆయిల్ సేకరించే సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి.

21. కొత్త సీల్‌ను కాపాడుకోండి.
నీళ్ల సర్వీసింగ్‌లో ప్రెషర్ పైపును సీల్ మీదికి నేరుగా కొట్టనివ్వకండి. వానలో తిరిగొచ్చాక పైపును తడిగుడ్డతో, ఆపైన పొడిగుడ్డతో తుడవండి. పొలం దారుల్లో, మట్టి రోడ్ల మీద తిరిగేవాళ్లు ఫోర్కు పైపులకు రబ్బరు బూట్లు తొడిగించుకోండి, వాటిని అప్పుడప్పుడు పైకి జరిపి లోపలి మట్టి కూడా తీయండి.

పని పూర్తయ్యాక మొదటి రోజు మీ వీధిలోనే నెమ్మదిగా నడిపి, ప్రతిసారీ పైపు తుడిచి చూడండి. మూడోసారి కూడా గుడ్డ పొడిగా వస్తే నిశ్చింతగా రోడ్డెక్కండి. మళ్లీ తడి కనిపిస్తే ఇంకో సీల్ కొనడానికి పరుగెత్తకండి. పైపు మీది తుప్పు, వంకర, ఆయిల్ కొలత, ఈ మూడింటినీ వరసగా చూడండి. కారణం వాటిలోనే ఎక్కడో దొరుకుతుంది. ఈ పనిలో ఏ దశలో అనుమానం వచ్చినా ఆపేసి మెకానిక్‌ను పిలవండి, ఎందుకంటే ఆ బండి మీద వెనక కూర్చునేది మీ ఇంటివాళ్లే.