శిశురక్షకురాలు

వైద్యుడు తన చోటనుండి రోగికొరకు వేచియుండుట లోకరీతి. రోగము రాకముందే యింటింటికి వెడలి దానిని వారింపజూచుట వేరొక మార్గము. అమెరికాలోని న్యూయార్కు నగరమున ఈ రెండవ మార్గమును త్రొక్కిన వైద్యురాలు సారా జోసఫిన్ బేకర్.

ఆమె 1873వ సంవత్సరమున జన్మించెను. ఆమె పదునారేండ్ల ప్రాయమున తండ్రి టైఫాయిడు జ్వరముచే మరణించెను. కుటుంబమును పోషింపవలసిన భారము తనపై బడుటచే ఆమె వైద్యవృత్తి నెన్నుకొనెను. బంధువులు వలదనిరి. అయినను ఆమె వెనుదీయక న్యూయార్కులోని మహిళా వైద్యకళాశాలలో చేరెను.

అచట 'ఆరోగ్యవంతుడైన శిశువు' అను పాఠ్యాంశమున ఆమె పరీక్ష తప్పెను. రోగమే లేని శిశువును గూర్చిన పాఠము ఆమెకు రుచింపలేదు. కాని మరల చదువక తప్పలేదు. పట్టుదలతో చదువగా ఆ విషయమే ఆమెకు మిక్కిలి ప్రియమయ్యెను.

1898లో పట్టము పొంది, ఆమె బోస్టను నగరమున నొక యేడు శిక్షణ పొందుచు పేదవాడలలో తిరిగెను. దారిద్ర్యమును రోగమును తోబుట్టువులని అచట గ్రహించెను.

పిమ్మట న్యూయార్కు నగర ఆరోగ్యశాఖలో ఉద్యోగినియయ్యెను. గాలి వెలుతురులు లేని యిరుకు గదులలో వేసవి వచ్చినంతనే పసిబిడ్డలు అతిసారముచే రాలిపోవుచుండిరి. జబ్బు ముదిరిన పిమ్మట మందిచ్చినను ఫలము స్వల్పమే.

1908 వేసవిలో, వలసవచ్చిన పేదలు క్రిక్కిరిసి నివసించు పేట నొకదానిని ఆమె యెన్నుకొనెను. జనన పట్టికనుబట్టి, శిశువు పుట్టిన యింటికి మరునాడే నర్సు వెళ్లునట్లు ఏర్పాటు చేసెను. బిడ్డకు చనుబాలే యిమ్మనియు, కిటికీలు తెరచి గాలి రానిమ్మనియు, దినదినము స్నానము చేయింపుమనియు, పలుచని బట్టలు తొడుగుమనియు నర్సులు తల్లులకు బోధించిరి. ఇందు విలువగల ఔషధమేదియు లేదు. అయినను వేసవి ముగియునప్పటికి ఆ పేటలో శిశుమరణములు వెనుకటి వేసవికంటె 1,200 తగ్గెను!

ఆ యేడే నగరమున శిశు ఆరోగ్యశాఖ ఏర్పడెను. దానికి ఆమెయే ప్రథమాధ్యక్షురాలు. తల్లులు పనికి పోవునప్పుడు చంటిబిడ్డలను సాకువారు అక్కలేయని గుర్తించి, ఆమె బాలికలకు శిశుపోషణ నేర్పు సంఘములను నెలకొల్పెను. ఆ చిన్నారులు తాము నేర్చినది తల్లులకును నేర్పిరి.

1923లో ఉద్యోగము విరమించి, 1945లో ఆమె పరమపదించెను.

బాలబాలికలారా! నగరమున పెద్ద వైద్యశాలలుండుట మంచిదే. కాని అచటి జ్ఞానము పేదయింటి గడప దాటినప్పుడే బిడ్డలు బ్రదుకుదురు. తాను తప్పిన పాఠమునే వేలకొలది తల్లులకు నేర్పించిన యీ వైద్యురాలి చరిత్రము మన కిదియే చెప్పుచున్నది.