గురువు మాటను ఎలా తూచాలి?



మన యువకుల్లో కొందరు జిడ్డు కృష్ణమూర్తిని చదివి, "ఆయన చెప్పిందీ బుద్ధుడు చెప్పిందీ ఒకటే కదా?" అంటున్నారు. కొట్టిపారేయడం మన పద్ధతి కాదు. పరీక్షించి చూద్దాం.

కృష్ణమూర్తి 1895లో మదనపల్లెలో పుట్టారు. దివ్యజ్ఞాన సమాజం వాళ్లు ఆయన్ని జగద్గురువును చేయబోయారు. 1929లో తాను అధిపతిగా ఉన్న నక్షత్ర సంఘాన్ని ఆయనే రద్దు చేసి, సత్యానికి దారంటూ లేదని ప్రకటించారు. కాళ్ల దగ్గరికొచ్చిన గద్దెను వద్దన్నారు. అది చిన్న విషయం కాదు.

బుద్ధుడు కూడా కేసపుత్తంలో కాలాములకు, పరంపర అనో, గ్రంథంలో ఉందనో, చెప్పినవాడు గురువనో నమ్మొద్దన్నాడు. కానీ అక్కడితో ఆగలేదు. లోభం, ద్వేషం, మోహం మేలు చేస్తాయా, కీడు చేస్తాయా అని వాళ్లనే అడిగాడు. కీడు చేసేది వదలండి, మేలు చేసేది ఆచరించండి అన్నాడు. అంటే చేతికి తక్కెడ ఇచ్చాడు. అందులోనే తూచుదాం.

మొదటిది స్పష్టత. చూసేవాడూ చూడబడేదీ ఒకటే అంటారు కృష్ణమూర్తి. "మరి రేపు పొద్దున నేనేం చెయ్యాలి?" అంటే, "ఎలా" అని అడగడమే తప్పంటారు. పంచశీల అలా కాదు. ఇవాళ అబద్ధమాడానా లేదా అన్నది సాయంత్రానికి ఎవరికి వాళ్లకే తెలుస్తుంది.

రెండోది ఉపయోగం. మనిషి లోపల మారితే లోకం మారుతుందంటారాయన. మన కోపాన్ని, భయాన్ని గమనించుకోవడం మంచిదే. కానీ 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో మహద్ చవుదార్ చెరువు నీళ్లు తాగారు. ఆ దాహం వాళ్ల మనసులో పుట్టింది కాదు, ఎదుటివాళ్లు పెట్టిన కట్టడి. అన్ని దారులూ ఉన్నవాడికి "దారి లేదు" అన్నమాట తత్త్వం. ఊరి వీధిలో నడవనివ్వని వాడికి అది పాత మాటే. అందుకే బాబాసాహెబ్ ధమ్మాన్ని మనిషికీ మనిషికీ మధ్య నడవడిగా చూశారు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో 22 ప్రతిజ్ఞలు చేయించారు.

ఇప్పుడు అదే తక్కెడలో మనమూ కూర్చోవాలి. ప్రతిజ్ఞలు వల్లించి, పిల్ల పెళ్లికి ఉపకులం చూస్తే, మన మాట కూడా తేలిపోతుంది.

ఈ వారం ఆలోచించండి:
1. మీరు నమ్మే ఒక మాట చెప్పండి. దాన్నిబట్టి రేపు ఏం చేస్తారు?
2. దానివల్ల మీ ఇంట్లో, వాడలో ఎవరి బాధ తగ్గింది?

నమో బుద్ధాయ.